పాత బస్సు ఇంట్లో డిక్కీ తలుపు గడియ బాగుచేయడం ఎలా

జీఎంసీ పీడీ-4104, పీడీ-4106, ఎంసీఐ, ఈగిల్ లాంటి పాత ఉత్తర అమెరికా బస్సులను ఇళ్ళుగా మార్చుకున్నవాళ్ళకు డిక్కీ తలుపులతో రోజూ పని పడుతుంది. ఒకప్పుడు ప్రయాణికుల పెట్టెలు సర్దిన ఆ అరల్లో ఇప్పుడు బ్యాటరీలు, జనరేటరు, నీళ్ళ ట్యాంకు, మురుగునీటి పైపులు ఉంటాయి. బస్టాండులో పూటకోసారి తెరిచిన తలుపును ఇప్పుడు గంటకోసారి తెరుస్తారు. 4104 తయారైంది 1953 నుంచి 1960 దాకా. దాని గడియలో అసలు స్ప్రింగే ఉంటే దానికి అరవై ఏళ్ళు దాటినట్టే.

మొదటే ఒక మాట. తలుపు పడడం లేదంటే తప్పు గడియదే అనుకుని దాన్ని విప్పకండి. చాలాసార్లు గడియ బాగానే ఉంటుంది. తలుపు కిందికి దిగి ఉంటుంది, బందు అరిగి ఉంటుంది, లేదా కొత్తగా వేసిన రబ్బరు బీడింగ్ మందంగా ఉండి తలుపును బయటికి తోస్తూ ఉంటుంది. అలాంటి తలుపుకు కొత్త గడియ బిగించినా నెల తిరక్కుండా అదీ పాడవుతుంది.

పని మొదలుపెట్టే ముందు

బస్సును చదునైన నేల మీద నిలపండి. ఈ బస్సులకు ప్రత్యేకంగా ఛాసిస్ ఉండదు, బాడీయే బరువంతా మోస్తుంది. ఒక చక్రం గుంటలో ఉన్నా, ఒక మూల జాకీ ఎక్కువ ఎత్తినా బాడీ కొంచెం మెలితిరుగుతుంది, తలుపు చుట్టూ ఉండే సందు మారిపోతుంది. అలా నిలిపి గడియ సర్దితే, రోడ్డెక్కగానే మళ్ళీ పట్టదు. ఇంజన్ నడిపి గాలి నింపండి. బస్సు మామూలుగా నడిచే ఎత్తుకు వచ్చాక ఇంజన్ ఆపి కొలతలు తీసుకోండి.

ఎయిర్ సస్పెన్షన్ ఉన్న బస్సు కిందికి గాని, చక్రం గూటిలోకి గాని తల, చేయి పెట్టాల్సి వస్తే బాడీకి స్టాండ్లు వేశాకే పెట్టండి. గాలి దిగితే బస్సు కొన్ని అంగుళాలు ఒక్కసారిగా కూలబడుతుంది. ఆ సందులో మనిషి పట్టడు. హైడ్రాలిక్ జాకీని నమ్ముకుని దూరవద్దు.

బ్యాటరీ అర అయితే ముందు నెగటివ్ కేబుల్ తీసేయండి. జనరేటరు అర అయితే దాని ఆటో స్టార్ట్ ఆపేయండి. మీరు లోపల చేయి పెట్టినప్పుడు అది దానంతట అది తిరిగితే వేళ్ళు పోతాయి. తలుపును గ్యాస్ స్ట్రట్లు మోస్తుంటే, వాటిని విప్పే ముందు గట్టి కర్రతో ఆనించండి. పాత అల్యూమినియం రేకు మీద పసుపు పచ్చగానో, ఆకుపచ్చగానో ప్రైమర్ కనిపిస్తే అది జింక్ క్రోమేట్ కావచ్చు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు విషం. పొడిగా గీకవద్దు. తడిపి రుద్దండి, పీ100 ఫిల్టర్లున్న మాస్కు పెట్టుకోండి.

ఇండియా నుంచి వెళ్ళి మిల్లీమీటర్ పానాలకు అలవాటుపడ్డవాళ్ళు ఒకటి గమనించాలి. ఈ బస్సుల్లో ఎక్కువగా అంగుళాల సైజులే. 1/2 అంగుళం పానా పట్టే నట్టు వెడల్పు 12.7 మిల్లీమీటర్లు. 13 పానా దాని మీద కూర్చున్నట్టే ఉంటుంది గానీ, తుప్పు పట్టిన నట్టు మీద బలం పెట్టగానే జారి మూలలు గుండ్రంగా కొట్టేస్తుంది. 1/4 అంగుళం బోల్టు తలకు 7/16 పానా కావాలి, దానికి 11 మిల్లీమీటర్లది బిగుతుగా ఉంటుంది, ఒక్కోసారి ఎక్కదు. అంగుళాల సెట్టు ఒకటి కొనుక్కోవలసిందే.

తప్పు ఎక్కడుందో తేల్చడం

తలుపు తెరిచి ఉంచండి. స్క్రూడ్రైవర్ కాడతో గడియ నాలుకను నొక్కండి, లేదా దవడను మూసే వైపుకు తిప్పండి. టక్కున పట్టాలి. హ్యాండిల్ లాగగానే పూర్తిగా వదలాలి. పదిసార్లు చేయండి. పదిసార్లూ సరిగ్గా పనిచేస్తే గడియ మంచిదే, తప్పు తలుపులోనో, స్ట్రైకర్‌లోనో (నాలుక వెళ్ళి పట్టే, చట్రానికి ఉన్న పట్టీ), బీడింగ్‌లోనో ఉంది. గాలిలోనే నత్తనడకన కదిలినా, సగంలో ఆగినా గడియను విప్పాలి.

గడియ బాగుందని తేలితే తలుపును చూడండి. దాదాపు మూసి, చుట్టూ సందు ఎంతుందో చూడండి. పైన సన్నగా, కింద వెడల్పుగా ఉన్నా, కుడి ఎడమల మధ్య తేడా ఉన్నా తలుపు జారిందని అర్థం. తర్వాత తలుపు అడుగు అంచును రెండు చేతులతో పట్టుకుని పైకి, కిందికి, ముందుకు, వెనక్కి కదపండి. బందు దగ్గర 1/16 అంగుళం కంటే ఎక్కువ ఆట ఉంటే పిన్ను గాని, దాని గూడు గాని అరిగిపోయినట్టే. పియానో బందు (తలుపు పొడవునా ఉండే ఒకే బందు) అయితే పిన్ను లాగి కొత్త స్టెయిన్‌లెస్ పిన్ను వేస్తే సగం రోగం కుదురుతుంది. గూడు కూడా కోలగా అరిగి ఉంటే కొంచెం లావు పిన్ను ఎక్కుతుందేమో చూడండి. ఎక్కకపోతే బందు మొత్తం మార్చాలి. గడియ పని ఆ తర్వాతే.

నాలుక స్ట్రైకర్‌ను ఎక్కడ తాకుతుందో తెలుసుకోవడానికి, స్ట్రైకర్ మీద మాస్కింగ్ టేపు అంటించి, నాలుక కొసకు లిప్‌స్టిక్ గాని మార్కర్ సిరా గాని పూయండి. తలుపును మెల్లగా మూసి తెరవండి. మచ్చ స్ట్రైకర్ మధ్యలో పడాలి. అంచున పడితే ఎటు, ఎంత జరపాలో ఆ మచ్చే చెబుతుంది.

ఇక బీడింగ్. మొదట 3/8 అంగుళం బల్బు (బీడింగ్‌లో గొట్టంలా ఉబ్బి ఉండే బోలు భాగం) ఉన్న చోట 1/2 అంగుళం బల్బు రబ్బరు అంటించడం చాలామంది చేసే పని. నీళ్ళు రాకుండా ఉంటాయని చేస్తారు. కానీ ఆ తలుపు మూయాలంటే మోకాలితో తన్నాలి. అప్పటి నుంచి గడియ ఎప్పుడూ బిగువు మీదే ఉంటుంది, స్ప్రింగు త్వరగా అలసిపోతుంది, నాలుక ముక్కు అరుగుతుంది. బల్బు దాని మందంలో మూడో వంతు నలిగితే చాలు. కాగితం ముక్క సందులో పెట్టి తలుపు మూసి లాగండి. కాస్త పట్టుతో జారి రావాలి. ఊరికే వచ్చేస్తే నీళ్ళు దూరతాయి. చిరిగితే రబ్బరు మందం ఎక్కువైంది.

తలుపు మూసుకుపోయి తెరుచుకోకపోతే

గునపంతో గాని, పెద్ద స్క్రూడ్రైవర్‌తో గాని అడుగు అంచును పెకలించవద్దు. అల్యూమినియం రేకు ఒకసారి మడత పడితే మళ్ళీ చదును కాదు. రంగు వేసినా ఆ మడత కనబడుతూనే ఉంటుంది. ముందు ఒకరు తలుపును గడియ దగ్గర అరచేతులతో లోపలికి గట్టిగా నెట్టాలి, ఇంకొకరు హ్యాండిల్ తిప్పాలి. బీడింగ్ బిగువు వల్ల పట్టేసిన గడియ దీనితోనే వదులుతుంది.

కదలకపోతే హ్యాండిల్ చుట్టూ, తాళం రంధ్రంలో చొచ్చుకుపోయే నూనె కొట్టి రాత్రంతా వదలండి. ఉదయం మళ్ళీ కొట్టి, హ్యాండిల్ చుట్టూ రబ్బరు సుత్తితో తట్టండి. ఆ తట్టుడుకు నూనె లోపలికి దిగుతుంది. అప్పటికీ రాకపోతే లోపలి నుంచి ప్రయత్నించాలి. ఈ బస్సుల్లో డిక్కీ చాలావరకు ఒక పక్క నుంచి రెండో పక్కకు ఖాళీగా ఉంటుంది. అవతలి తలుపు తెరిచి, సామాను తీసి, టార్చి పట్టుకుని లోపలి వైపు నుంచి గడియ రాడ్డును చేత్తో లాగవచ్చు. మధ్యలో ట్యాంకు అడ్డుంటే పక్క అర గోడకున్న ప్లైవుడ్ తీసి చూడండి. హ్యాండిల్ రివెట్లు డ్రిల్ చేసి తీయడం చివరి మార్గం.

విప్పడం

ఆ కాలపు బస్సుల్లో ప్రధానంగా మూడు రకాల గడియలు కనిపిస్తాయి. చదరపు తాళంచెవితో తిప్పితే లోపల చిన్న పట్టీ తిరిగి ఫ్రేము వెనక పడేది ఒకటి. తలుపు కొట్టి మూస్తే స్ప్రింగు నాలుక దానంతట అది పట్టేది రెండోది. మధ్యలో హ్యాండిల్, అటూ ఇటూ రెండు రాడ్లు తలుపు చివరలదాకా పోయి పట్టేది మూడోది. మీది ఏదైనా విప్పే పద్ధతి ఒకటే.

ముందు నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీయండి. రాడ్లు, పట్టీలు ఉన్న స్థానాన్ని సూదిమొన పుల్లతో రేకు మీద గీయండి. రెండు రాడ్ల పొడవు ఒకటే అనుకోవద్దు, ఎడమది కుడిది వేరుగా ఉండవచ్చు. ఒక్కోదానికి తాడు చీటీ కట్టండి.

స్టీలు స్క్రూలు అల్యూమినియంలో తెల్లని బూజులాంటి పొడి పట్టి బిగుసుకుపోయి ఉంటాయి. తేమ తగిలినప్పుడు రెండు లోహాల మధ్య పుట్టే చిలుము అది. శీతాకాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లే రాష్ట్రాల్లో తిరిగిన బస్సయితే మరీ ఎక్కువ. మొండిగా తిప్పితే తల తెగుతుంది. హీట్ గన్‌తో స్క్రూ చుట్టూ ఉన్న అల్యూమినియాన్ని వేడి చేయండి. అల్యూమినియం స్టీలు కంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది కాబట్టి రంధ్రం వదులవుతుంది. అప్పుడు నూనె చుక్క వేసి, చేతి ఇంపాక్ట్ డ్రైవర్ పెట్టి సుత్తితో ఒక దెబ్బ కొట్టండి. గ్యాస్ మంట వాడవద్దు. మంట ఎక్కువైతే రేకు బలం పోతుంది, వెనకున్న ఇన్సులేషన్ అంటుకుంటుంది.

రివెట్లయితే తల మధ్యలో పంచ్ కొట్టి, 1/8 బిట్‌తో తల లోతు వరకే రంధ్రం చేయండి. తర్వాత రివెట్ కాడ సైజు బిట్‌తో తల ఊడేదాకా మాత్రమే తిప్పండి. కాడను వెనక చెక్క ఆనించి పిన్ పంచ్‌తో కొట్టి తీయాలి. బిట్‌ను పూర్తిగా దించితే రివెట్ గిర్రున తిరిగి రంధ్రాన్ని కోలగా చేస్తుంది. కొత్త రివెట్ వేసేటప్పుడు 1/8 రివెట్‌కు నం. 30 బిట్, 5/32కు నం. 20, 3/16కు నం. 11 వాడండి. రంధ్రం ఇప్పటికే పెద్దదై ఉంటే తర్వాతి సైజుకు వెళ్ళండి, వదులు రివెట్ వేయకండి.

శుభ్రం చేయడం, అరుగుదల చూడడం

విప్పిన గడియను కిరోసిన్ గాని మినరల్ స్పిరిట్స్ గాని పోసిన గిన్నెలో గంటసేపు నానబెట్టి నైలాన్ బ్రష్షుతో రుద్దండి. సగం గడియలు ఇక్కడే బాగవుతాయి. దశాబ్దాల గ్రీజు మైనంలా గట్టిపడి నాలుకను పట్టి ఉంచుతుంది, అంతే. స్టీలు భాగాల తుప్పుకు వెనిగర్‌లో రాత్రంతా ఉంచి, బేకింగ్ సోడా నీళ్ళతో కడిగి, వెంటనే ఆరబెట్టి నూనె రాయవచ్చు. క్రోమ్ పూసిన హ్యాండిళ్ళను మాత్రం వెనిగర్‌లో వేయకండి. అవి చాలావరకు పోత జింకువి, యాసిడ్ వాటిని తినేస్తుంది. కాస్టిక్ సోడా ఉన్న క్లీనర్లు అల్యూమినియంను, జింకును రెండింటినీ తినేస్తాయి.

పోత జింకును గుర్తుపట్టడం తేలిక. చేతికి బరువుగా ఉంటుంది, అయస్కాంతం పట్టదు, విరిగిన చోట బూడిద రంగు గరుకు రవ్వలు కనిపిస్తాయి. వంగిన జింకు హ్యాండిల్‌ను సరిచేయాలని చూస్తే విరుగుతుంది. వెల్డింగ్ కూడా నమ్మకంగా నిలవదు. దానికి మారుస్తేనే మందు.

ఇప్పుడు భూతద్దం పట్టుకుని చూడవలసినవి:

నాలుక ముక్కు. కొత్తలో పట్టే అంచు పదునుగా, చదునుగా ఉంటుంది. గుండ్రంగా అరిగితే కుదుపుల్లో జారుకుంటుంది. స్టీలు నాలుక అయితే మిగ్ వెల్డింగ్‌తో కొద్దిగా లోహం పేర్చి, ఆకురాయితో పాత కోణానికి తీసుకురావచ్చు. వెల్డింగ్‌కు ముందు అట్టముక్క మీద కోణం గీసిపెట్టుకోండి, ఎక్కువ అరగని పక్క తలుపు గడియను నమూనాగా పెట్టుకోండి. కాలిన తర్వాత నీళ్ళలో ముంచి చల్లార్చవద్దు, పెళుసెక్కుతుంది.

ఇరుసు రంధ్రాలు. 1/4 పిన్ను తిరిగే రంధ్రం కోలగా అరిగితే, హ్యాండిల్ లాగిన దూరంలో కొంత ఆ ఆటలోనే పోతుంది, నాలుక పూర్తిగా వెనక్కి రాదు. రేకు వెడల్పు చాలినంత ఉంటే రంధ్రాన్ని 3/8కు పెంచి, లోపల 1/4, బయట 3/8 ఉండే కంచు బుష్ కొట్టండి. దాంట్లోకి కొత్త పిన్ను గాని, 1/4 షోల్డర్ బోల్టు గాని వేయండి. ఈ చిన్న పనికి అరగంట పడుతుంది, కానీ గడియకు వచ్చే తేడా చేతికే తెలుస్తుంది. మొత్తం మరమ్మతులో శ్రమకు తగ్గ ఫలితం ఎక్కువగా ఇచ్చేది ఇదే.

స్ప్రింగు. పాత స్ప్రింగును సాగదీసి మళ్ళీ వేయవద్దు, అది కొద్ది వారాల్లో మళ్ళీ కూర్చుంటుంది. తీగ మందం, బయటి వ్యాసం, చుట్ల సంఖ్య, వదిలినప్పటి పొడవు కాలిపర్‌తో కొలిచి రాసుకోండి. మెలి స్ప్రింగు అయితే చుట్లు ఏ దిక్కుకు తిరిగాయో, రెండు కాళ్ళ మధ్య కోణం ఎంతో కూడా కావాలి. కుడిచుట్టు బదులు ఎడమచుట్టు తెస్తే, తలుపు మూసిన ప్రతిసారీ అది విప్పుకుపోతుంది. స్టెయిన్‌లెస్ తీగ అదే మందంలో మ్యూజిక్ వైర్ (స్ప్రింగులకు వాడే గట్టి స్టీలు తీగ) కంటే కొంచెం మెత్తన, అయితే తుప్పు పట్టదు. డిక్కీకి అదే నయం.

రాడ్లున్న గడియలో రాడ్డు వంగిందేమో గాజు పలక మీద దొర్లించి చూడండి. రాడ్డు దూరే నైలాన్ గైడ్లు పగిలి ఉంటే అవి మార్చండి. చదరపు తాళంచెవి రకంలో చాలాసార్లు అరిగేది చెవి దూరే గూడు. గూటిని కొలిచి, ఆ సైజు చదరపు ఊచతో కొత్త చెవి చేయించుకుంటే, పాత చెవి జారుతున్నా కొత్తది పట్టవచ్చు. మార్చేలోపు దాన్ని ప్రయత్నించండి.

గడియ విరిగిపోయి పనికిరాకుంటే

పాత బస్సుల స్క్రాప్ యార్డుల్లో, అదే మోడల్ ఉన్న ఇతర యజమానుల దగ్గర ముందు అడగండి. దొరక్కపోతే ట్రక్కు బాడీలకు గడియలు చేసే ఎబర్‌హార్డ్, ట్రైమార్క్ లాంటి కంపెనీల సరుకులో వెతకండి. ఐదు కొలతలు చేతిలో పెట్టుకుని వెతకాలి: హ్యాండిల్ కోసం కోసిన రంధ్రం పొడవు వెడల్పులు, తలుపు మందం, తలుపు అంచు నుంచి హ్యాండిల్ మధ్యకు దూరం, నాలుక బయటికి వచ్చే పొడవు, కుడి చేతిదా ఎడమ చేతిదా అన్నది.

కొత్త గడియ పాత రంధ్రానికి సరిపోకపోతే పాత రేకును కోయకండి. 1/8 అంగుళం మందం 5052 రకం అల్యూమినియం ముక్కను రంధ్రం కంటే చుట్టూ ఒక అంగుళం పెద్దగా కోసి, మూలలు గుండ్రం చేసి, దానికి కొత్త గడియకు కావలసిన రంధ్రం చేయండి. ఆ పలకను లోపలి నుంచి బిగించండి. రేపు అసలు గడియ దొరికితే తిరిగి వేసుకునే వీలుంటుంది. అరవై ఏళ్ళుగా చెక్కుచెదరని తలుపుకు మన కోతలు మిగల్చడం అన్యాయం.

తిరిగి బిగించడం

స్టీలు అల్యూమినియంను నేరుగా తాకకూడదు. గడియ అడుగున పలుచని నైలాన్ షీటు గాని, ప్రైమర్ పూత గాని వేయండి. స్టెయిన్‌లెస్ స్క్రూల మరలకు టెఫ్-జెల్ (లోహాలు ఒకదానికొకటి పట్టేసుకోకుండా ఆపే పేస్టు) రాయండి. మళ్ళీ విప్పాల్సి వచ్చినప్పుడు దాని విలువ తెలుస్తుంది. 1/4 బోల్టుకు రంధ్రం 17/64 చేస్తే సర్దుకోవడానికి కొద్దిగా చోటుంటుంది. మామూలు డిక్కీ తలుపులకు నైలాన్ లాక్ నట్లు బాగుంటాయి. ఇంజన్ గది తలుపుకు మాత్రం అవి వద్దు. 250 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే నైలాన్ పట్టు పోతుంది, అక్కడ పూర్తి లోహపు లాక్ నట్లే వేయాలి. పాత రెండు-స్ట్రోక్ డెట్రాయిట్ డీజిల్ ఇంజన్ అదురుకు ఆ తలుపు నట్లు అన్నిటికంటే ముందు వదులవుతాయి.

నాలుక, ఇరుసులు, రాడ్ల మీద తెల్ల లిథియం గ్రీజు పలుచగా రాయండి. తాళం సిలిండర్‌లో గ్రీజు వద్దు, గ్రాఫైట్ పొడి వేయండి. ఇంజన్ గది గడియకు నూనె అతిగా పెడితే దుమ్ముతో కలిసి ఆకురాయిలా అరగదీస్తుంది.

స్ట్రైకర్‌ను సర్దడానికి మెలకువ ఇది. దాని బోల్టులను, బొటనవేలితో నెడితే కదిలేంత మాత్రమే బిగించండి. తలుపు మూయండి. నాలుక తనకు కావలసిన చోటికి స్ట్రైకర్‌ను లాక్కుంటుంది. తలుపును నెమ్మదిగా, స్ట్రైకర్ కదలకుండా తెరిచి బోల్టులు పూర్తిగా బిగించండి. తలుపు ఇంకా వదులుగా ఊగితే స్ట్రైకర్‌ను లోపలికి 1/32 చొప్పున జరుపుతూ పోండి. రెండు రాడ్ల గడియలో రెండూ ఒకేసారి పట్టాలి. ఒకటి ముందు పట్టి రెండోది వెనకబడితే, వెనకబడ్డ రాడ్డు కొసన ఉన్న నట్టు తిప్పి పొడవు సరిచేయండి. లేకపోతే బరువంతా ఒక మూల మీదే పడి తలుపు మెలితిరుగుతుంది.

తలుపు మూసి నాలుగు మూలలా గట్టిగా లాగి చూడండి. గొట్టంతో నీళ్ళు కొట్టి లోపల చూడండి. తర్వాత గతుకుల రోడ్డు మీద పది మైళ్ళు నడిపి, తలుపు అంచున సుద్దతో గీసిన గుర్తు జరిగిందేమో చూడండి.

బందు వెనక అంచున ఉండి ముందు అంచు తెరుచుకునే తలుపులతో ఇంకాస్త జాగ్రత్త. గడియ వదిలితే గాలి వాటిని లాగి పూర్తిగా తెరిచేస్తుంది, పక్క కారు మీదికి ఊడిపోవచ్చు. వాటికి గడియ ఎంత బాగున్నా రెండో పట్టు ఒకటి తప్పనిసరిగా వేయండి, బయటి నుంచి బిగించే చిన్న రబ్బరు క్లాంపు అయినా సరే. తలుపు చట్రంలో ప్లంజర్ స్విచ్చి పెట్టి, డ్రైవరు ముందు ఎర్ర బల్బుకు ఒక ఆంపియర్ ఫ్యూజుతో కలపండి. తలుపు తెరిచి ఉన్నప్పుడు బల్బు వెలగాలి. తీగ తెగితే బల్బు వెలగదు కాబట్టి, బయల్దేరే ముందు స్విచ్చి ఉన్న ఒక్కో తలుపూ తెరిచి బల్బు వెలుగుతుందో లేదో చూసుకోండి.

500 మైళ్ళ తర్వాత అన్ని బోల్టులూ ఒకసారి పానాతో తడిమి చూడండి. కొత్తగా వేసిన నైలాన్ షీటు కూర్చుని వాటిని కాస్త వదులు చేసి ఉంటుంది, పావు చుట్టు బిగిస్తే చాలు.